కంచె లోపలి జింకలు: మధ్యయుగ ఇంగ్లండులో పార్కు, ఫారెస్టు, వారెన్

మధ్యయుగ ఇంగ్లండులో పార్కు అంటే ముందు కంచె. చెట్లు, పచ్చిక, జింకలు, వేట అన్నీ ఆ తర్వాతే. కంచె ఒక్కచోట కూలినా జింకలు పోతాయి, జింకలు పోయాక మిగిలేది మామూలు పచ్చికబయలు. బీచ్ రోడ్డులో వుడా పార్కుకు అలవాటు పడ్డ విశాఖవాళ్లకు పార్కు అంటే జనం కాసేపు తిరిగి వచ్చే చోటు. అక్కడ పార్కు కట్టిందే జనాన్ని బయట ఉంచడానికి. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యమో యూరప్ చరిత్రో చదివేవాళ్లకు ఈ తేడా తెలియకపోతే పాత ఇంగ్లీషు కథల్లో దొంగవేట అంత పెద్ద గొడవ ఎందుకయిందో అర్థం కాదు. కాబట్టి కంచె దగ్గరే మొదలుపెడతాను.

పార్కులో పెంచింది ఎక్కువగా ఫాలో జింక. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ల కాలంలో అది అక్కడ స్థిరపడింది. వేసవిలో ఒంటి మీద తెల్ల చుక్కలుంటాయి కాబట్టి ఫొటోలో మన చుక్కల దుప్పి అనిపిస్తుంది. కొమ్ములు చూస్తే తేడా తెలుస్తుంది: మగ ఫాలో కొమ్ములు పైకి వెళ్లేకొద్దీ పలకలా వెడల్పవుతాయి. ఇది మంద కట్టి ఉంటుంది, గడ్డి మీద బతుకుతుంది, మూసిన చోట ఇమిడిపోతుంది. రో జింకకు ఆ గుణం లేదు. అది తన జాగా కోసం సాటి జింకలతో పోట్లాడుతుంది. పెద్ద ఎర్ర జింకకు తిరగడానికి చాలా నేల కావాలి. అందుకే పార్కుకు ఫాలో కుదిరింది. కానీ భయపడ్డ ఫాలో జింక దాదాపు 6 అడుగుల ఎత్తు దూకగలదు. దాన్ని ఆపడానికి కంచె ఒక్కటే చాలదు.

అందుకని కంచెకు లోపలి వైపు కందకం తవ్వి, ఆ మట్టిని బయటి వైపు గట్టుగా పోసి, గట్టు మీద ఓక్ చెక్కల కంచె నాటేవారు. ఆ కంచెను పేల్ అనేవారు. లెక్క చూడండి. కందకం లోతు 4 అడుగులు, గట్టు 3, చెక్క 5 అనుకుందాం. కందకంలో నిలబడ్డ జింక తల ఎత్తితే ముందు 12 అడుగులు కనిపిస్తాయి. గట్టు నుంచి దూకుదామంటే కాలు ఆనడానికి చోటుండదు. కోటకు కందకం బయట ఉంటుంది, పార్కుకు లోపల. నేల మీద పాత గట్టు ఆనవాలు దొరికినప్పుడు అది దేనిదో తేల్చడానికి పురావస్తువాళ్లు ముందు చూసేది ఇదే.

చెక్కను రంపంతో కోసేవారు కాదు, చీల్చేవారు. పచ్చి ఓక్ దుంగలో చీలలు దిగ్గొడితే నార వెంబడి విడిపోతుంది, ఎండితే మొండికేస్తుంది. నార తెగకుండా చీలిన పలకలోకి వాన నీరు అంత తొందరగా ఇంకదు. ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుప మేకుల్ని తినేస్తుంది కాబట్టి చెక్క మేకులే మేలు. పైపొర తెల్ల చెక్క ముందు కుళ్లుతుంది. లోపలి చేవ ఉన్న పలక దశాబ్దాలు నిలుస్తుంది. కుళ్లు ఎప్పుడూ నేలకు ఆనుకున్న దగ్గరే మొదలవుతుంది. పైకి దిట్టంగా కనిపించే కంచె ఒక గాలివానకు వరసగా ఒరిగిపోయేది అందుకే.

ఎంత చెక్క పడుతుంది? 200 ఎకరాల పార్కు గుండ్రంగా ఉంటే చుట్టుకొలత సుమారు 3.2 కిలోమీటర్లు. అదే చతురస్రమైతే 3.6. వెడల్పుకు 4 రెట్లు పొడవున్న పట్టీ అయితే 4.5. పలక వెడల్పు 10 సెంటీమీటర్లనుకుంటే, సందు లేకుండా నాటిన గుండ్రటి పార్కుకే 32,000 పలకలు కావాలి. అందుకే పాత మ్యాపుల్లో పార్కుల మూలలు గుండ్రంగా తిరిగి ఉంటాయి. ఇంకో సంగతి: వైశాల్యం రెట్టింపు చేసి 400 ఎకరాలు చేసినా గుండ్రటి పార్కు కంచె సుమారు 4.5 కిలోమీటర్లే. ఎకరాకు పడే ఖర్చు పెద్ద పార్కుకే తక్కువ. చిన్న దొరలకు పార్కు ఎందుకు అంత బరువయిందో ఈ లెక్కలోనే ఉంది. ఆ బరువును కూడా చాలాచోట్ల రైతుల మీదికే నెట్టారు. ఫలానా ఊరివాళ్లు కంచెలో ఫలానా ముక్క బాగుచేయాలని కట్టుబాటు. మరమ్మతు కోసం కంచె బయట ఒక నేల పట్టీని పార్కు యజమాని తన కిందే ఉంచుకునేవాడు. కొన్నిచోట్ల దాని వెడల్పు పదహారున్నర అడుగులు.

కంచెను పాడుచేసేవి నాలుగు. కందకంలో ఆకు, మట్టి పేరుకుంటే లోతు తగ్గి జింకకు మెట్టు దొరుకుతుంది. గాలికి కూలిన చెట్టు కంచె మీద పడితే తెల్లారేలోపు మంద బయటపడుతుంది. మంచు గాలికి కొట్టుకొచ్చి గోడలా పేరుకుంటే దాని మీదుగానే నడిచిపోతాయి. అన్నింటికన్నా బలహీనమైనది వాగు కంచెను దాటే చోటు. అక్కడ పెట్టిన కటకటాలకు చెత్త తట్టుకుని, వరద రాగానే మొత్తం లేచిపోయేది.

బయటి జింకలు లోపలికి రావడానికి మాత్రం దారి కావాలనే ఉంచేవారు. దాన్ని డీర్‌లీప్ అనేవారు. ఒకచోట కంచె తగ్గించి, బయటి నేలను ఏటవాలుగా పైకి తెచ్చి, లోపల కందకం లోతుగా ఉంచుతారు. బయటి జింక ఎక్కి దూకుతుంది, మళ్లీ పైకి రాలేదు. రాజుగారి ఫారెస్టు పక్కనే పార్కు ఉంటే ఇది రాజు జింకల్ని దొంగిలించే యంత్రం. అందుకే దానికి ప్రత్యేకంగా రాజు అనుమతి కావలసి వచ్చేది. ఫారెస్టు పరిధిలో పార్కు కట్టడానికే లైసెన్సు ఉండాలి.

లోపల నేలంతా ఒకలా ఉండేది కాదు. జింక గడ్డి మేస్తుంది, అందినంత చిగురూ తింటుంది. కాబట్టి మేత బయళ్లలోని చెట్లను మనిషి తల కన్నా పైన, 8 నుంచి 10 అడుగుల దగ్గర నరికేవారు. కొత్త కొమ్మలు జింక నోటికి అందవు. ఇవి పోలార్డులు. నేల మట్టానికి నరికి మోడు నుంచి పిలకలు రానిచ్చే తోటలు వేరు. మన నీలగిరి తోటలు నరికాక మళ్లీ లేచినట్టే లేస్తాయి. కానీ మొదటి కొన్నేళ్లు జింకల్ని దూరనిస్తే ఒక్క పిలకా మిగలదు. అందుకే పార్కును గదులుగా విడగొట్టి, నరికిన గదికి లోపల మరో కంచె వేసేవారు. చలికాలంలో ఎండుగడ్డి పెట్టాలి, చలికాలంలోనూ పచ్చగా ఉండే హోలీ అనే చెట్టు కొమ్మలు నరికి వేయాలి. మంద చచ్చేది వేటలో కన్నా చలికాలం చివర్లో, మేత లేక, రోగం వచ్చి. జూన్‌లో పిల్లలు పుడతాయి, అక్టోబర్‌లో మగవి కొట్లాడుకుంటాయి. ఈ రెండు కాలాల్లో మందను కదిలిస్తే నష్టమే. దీన్నంతా చూసుకునేవాడు పార్కర్. రోజూ కంచె వెంట ఒక చుట్టు తిరగడం అతని పని.

పార్కును వినోద స్థలంగా మాత్రమే చూడటం పొరపాటని నా అభిప్రాయం. అది మాంసం నిల్వ, కలప నిల్వ, హోదా. జింక మాంసం సంతలో బాహాటంగా అమ్మే సరుకు కాదు. పండక్కి, పెళ్లికి, మెప్పు కోసం కానుకగా పంపేది. రాజు ఎవరినైనా దయతలిస్తే, కొత్త పార్కు నింపుకోమని బతికున్న జింకల్నే ఇచ్చేవాడు. డబ్బుతో కొనలేనిదాన్ని వడ్డించగలగడంలోనే గొప్పతనం ఉండేది.

1086లో రాజు చేయించిన భూముల లెక్క, డూమ్స్‌డే సర్వేలో కనిపించే పార్కులు 35 చిల్లర. 1300 నాటికి సుమారు 3,200 ఉండేవని పర్యావరణ చరిత్రకారుల అంచనా. చాలావాటి విస్తీర్ణం 100, 200 ఎకరాల ప్రాంతంలోనే. సాలిస్బరీ పక్కన క్లారెండన్ పార్కు మాత్రం 4,000 ఎకరాలు దాటింది. వుడ్‌స్టాక్ పార్కుకు మొదటి హెన్రీ రాతి గోడే కట్టించాడు. అందులో సింహాలు, చిరుతలు, లింక్సులు, ఒంటెలు, ఒక ముళ్లపంది ఉండేవని ఆ కాలపువాళ్లే రాసిపెట్టారు.

ఇప్పుడు ఫారెస్టు. దీనికి కంచె లేదు, చట్టమే కంచె. రాజు జింకలకు, వాటికి నీడా మేతా ఇచ్చే పచ్చదనానికి ప్రత్యేక చట్టం వర్తించే నేల ఏదైనా ఫారెస్టే. అందులో ఊళ్లు, పొలాలు, చెట్టు లేని బీడు కూడా ఉండొచ్చు. విశాఖ జిల్లావాళ్లకు ఇది కొత్తగా అనిపించనవసరం లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు ఫారెస్టు అనేది కూడా చెట్ల లెక్కతో కాక ప్రకటనతో ఏర్పడేదే. ఎండాడ దగ్గర హైవే పక్కన కంబాలకొండకు కట్టిన బోర్డు చెప్పేది కూడా హద్దు గురించే. పోడు మీద, అడవి మీద ఆంక్షల కోపం మన మన్యంలో ఎంత దూరం వెళ్లిందో 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద అల్లూరి సీతారామరాజు దాడి చెబుతుంది. ఇంగ్లండులో అదే కోపం 1217 నవంబర్ 6న ఫారెస్టు చార్టర్‌గా కాగితం మీదికి వచ్చింది.

ఆ చార్టర్‌ను అందరూ మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి ఒప్పందం) నీడలో వదిలేస్తారు. మామూలు మనిషి బతుకుకు దగ్గరగా ఉన్నది ఇదే. ఇకపై జింక కోసం ఎవరి ప్రాణం, అవయవం తీయకూడదు. జరిమానా కట్టాలి, కట్టలేకపోతే ఏడాది మీద ఒక రోజు జైలు. ఫారెస్టులో ఉండేవాళ్ల కుక్కలు జింకను తరమకుండా ముందు కాలి గోళ్లు మూడు కోసేయాలి, మెత్తటి పాదాన్ని మాత్రం ముట్టుకోకూడదు. కోయని కుక్క దొరికితే 3 షిల్లింగులు. స్వతంత్రుడి పందులు దారిలో ఒక రాత్రి రాజు ఫారెస్టులో పడుకున్నా అతనికి నష్టం కలిగించకూడదు. బిషప్పో, ఎర్ల్ అనే పెద్ద ప్రభువో రాజు పిలుపు మీద ఫారెస్టు గుండా వెళ్తుంటే ఒకటి రెండు జింకల్ని కొట్టుకోవచ్చు. ఫారెస్టర్ ఎదురుగా లేకపోతే, దొంగతనం కాదని తెలిసేలా కొమ్ముబూర ఊదాలి. ఇంత వివరంగా రాయాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఈ ప్రతి చోటా అధికారులు జనాన్ని పీడించారన్నమాట.

చచ్చిన జింక కనిపిస్తే చుట్టుపక్కల నాలుగు ఊళ్ల వాళ్లను పిలిచి పంచనామా చేసేవారు. మాంసం కుష్ఠు రోగులకు, పేదలకు పోయేది. బాణం దొరికితే సాక్ష్యంగా దాచేవారు. దొంగవేటగాణ్ణి పట్టుకోవడానికి నాలుగు గుర్తులు చెప్పేవారు: విల్లు ఎక్కుపెట్టి నిలబడటం, కుక్కతో జాడ తీయడం, వీపు మీద జింక మోయడం, చేతికి నెత్తురు ఉండటం. పార్కులో దొంగవేటకు 1275 చట్టం మూడేళ్ల జైలు పెట్టింది.

ఫారెస్టు రాజుది కాక ఒక పెద్ద ప్రభువు చేతిలో ఉంటే దాన్ని చేజ్ అనేవారు. కానక్ చేజ్, క్రాన్‌బోర్న్ చేజ్ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. వారెన్ అంటే చిన్న జంతువుల మీద హక్కు: కుందేలు, కౌజు, ఫెజెంట్ అనే పక్షి లాంటివి. తర్వాత కుందేళ్ల పెంపకం దిబ్బలకూ అదే పేరు వచ్చింది. ఈ బొరియల కుందేలు కూడా నార్మన్ల తర్వాత తెచ్చిందే. తడి చలికి అల్లాడేది, సొంతంగా బొరియ కూడా సరిగా తవ్వుకునేది కాదు. మెత్తటి మట్టితో పొడుగాటి దిబ్బలు పోసి, నీరు నిలవకుండా చుట్టూ కాలువ తీసి పెంచేవారు. ముంగిసలా సన్నగా ఉండే ఫెర్రెట్ అనే పెంపుడు జంతువును బొరియలోకి వదిలి, నోళ్ల దగ్గర వల పన్ని పట్టేవారు. కాపలా నుంచి తప్పించుకున్నవి పక్క రైతు పంట తినేసేవి. ఆ రైతు వాటిని ముట్టుకుంటే నేరం. 1381 రైతుల తిరుగుబాటులో సెయింట్ ఆల్బన్స్ జనం ఒక కుందేలును పట్టుకుని ఊరి శిక్షాస్తంభానికి కట్టింది ఈ బాధతోనే. 1390లో జవాబుగా వచ్చిన చట్టం ఏడాదికి 40 షిల్లింగుల భూమి రాబడి లేనివాడు వేటకుక్కను, వలను ఉంచుకోకూడదంది.

వేట రెండు రకాలు. ఎర్ర జింకను వాసన పట్టే కుక్కలతో గంటల తరబడి తరిమేది ఒకటి, అది విశాలమైన నేలకు. పార్కులో ఎక్కువగా జరిగింది రెండోది: మనుషులు, కుక్కలు మందను తోలుకొస్తే చెట్ల చాటున నిలబడ్డవాళ్లు విల్లుతో కొట్టడం. చచ్చిన జింకను కోయడానికీ వరస ఉండేది. పార్కర్‌కు భుజం ముక్క, కుక్కలకు పేగులు, కాకులకు రొమ్ము చివరి మృదులాస్థి.

ఇంగ్లీషు ఇంటిపేర్లలో పార్కర్, ఫారెస్టర్, వుడ్‌వార్డ్, పేల్ కట్టే పాలిసర్ ఈ కొలువుల నుంచే వచ్చాయి. చెట్ల మధ్య మేత బయలును లాండ్ అనేవారు. ఇప్పటి ఇళ్ల ముందరి లాన్ అదే.

1348లో ప్లేగు వచ్చాక కూలీలు దొరక్క, కూలి పెరిగి కంచెలు నిలబెట్టడం కష్టమైంది. చాలా పార్కులు గొర్రెల బీళ్లుగా, పొలాలుగా మారాయి. ఆనవాళ్లు మాత్రం ఫోన్‌లో ఉపగ్రహ మ్యాపు తెరిచి విశాఖ నుంచే చూడొచ్చు. పొలాల గట్లన్నీ నిటారుగా ఉన్నచోట ఒక్క గట్టు పెద్ద వంపు తిరిగి మూసుకుందా అని చూడండి. దాని మధ్యలో, గట్టు వెంట పార్క్ ఫామ్, లాడ్జ్ ఫామ్, పార్క్ పేల్ లాంటి పేర్లు వెతకండి. పక్క పంచాయతీ హద్దు కూడా అదే వంపులో వెళ్తే అనుమానం బలపడుతుంది. మొదట లెస్టర్ దగ్గర బ్రాడ్‌గేట్ పార్కుతో మొదలుపెట్టండి. 1241 నాటికే పత్రాల్లో ఉన్న పార్కు అది. లోపల జింకలు ఇంకా ఉన్నాయి కాబట్టి మేత బయలు, పాత ఓక్‌లు ఎలా కలిసి ఉంటాయో తెలుస్తుంది. ఆ తర్వాత బర్మింగ్‌హామ్ పక్కన సటన్ పార్కు, చివరికి క్లారెండన్. క్లారెండన్ పెద్దది, వంపు దొరకడానికి ఓపిక కావాలి.