ఆదివారం షాపులు మూసేసే దేశంలో మేమిద్దరం

సోమవారం నుంచి శనివారం దాకా మా ఇంట్లో మాటలన్నీ ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీదే నడుస్తాయి. "పప్పు ఉంది, తాలింపు పెట్టుకో", "సాయంత్రం లాండ్రీ స్లాట్ బుక్ చేశా", "రేపు నా సబ్మిషన్, లేపకు". మా ఆయన వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే వస్తాడు, నేను అప్పటికి లైబ్రరీకి బ్యాగ్ సర్దుకుంటూ ఉంటాను, గుమ్మం దగ్గర షూ వేసుకునే ఆ కాస్త టైమే మాది. ఊళ్ళో వాళ్ళు మాత్రం "మీకేంటమ్మా, పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి జర్మనీలో ఉన్నారు" అంటారు.

మేం ఉండేది కెమ్నిట్స్‌లో. బెర్లిన్, మ్యూనిక్ పేర్లు తెలిసినంతగా మనవాళ్ళకి ఈ ఊరి పేరు తెలీదు కానీ ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్, ఎంబెడెడ్ సిస్టమ్స్ చదివే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, ట్రామ్ ఎక్కితే ఎక్కడో ఓ మూల నుంచి "ఒరేయ్" అని వినపడాల్సిందే. 1953 నుంచి 1990 దాకా దీని పేరు కార్ల్ మార్క్స్ స్టాట్, ఊరి మధ్యలో ఆయన తలకాయ విగ్రహం ఒక్కటే ఏడు మీటర్ల ఎత్తుంటుంది. మా ఆయనది కరీంనగర్, మాది గుంటూరు దగ్గర, బీటెక్‌లో క్లాస్‌మేట్లం, ఇక్కడా మళ్ళీ క్లాస్‌మేట్లమే.

ఇద్దరూ ఒకేసారి చదవడం ఎందుకు, ఒకళ్ళు చదివి ఒకళ్ళు డిపెండెంట్‌గా రావచ్చు కదా అని చాలామంది అడిగారు. అడగడంలో తప్పు లేదు, లెక్క అలా ఉంటుంది మరి. మేం వచ్చింది 2024 అక్టోబర్‌లో, అప్పుడు వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఏడాది ఖర్చులకి డబ్బు ముందే వేసి ఉంచే ఖాతాలో, ఒక్కొక్కరికి 11,904 యూరోలు చూపించాల్సి వచ్చింది, ఇద్దరికీ కలిపి 23,808, అంటే అప్పటి రేటులో దాదాపు 22 లక్షలు. లోన్, అత్తమ్మ వాళ్ళు సర్దింది, మా నాన్న పొలం మీద తెచ్చింది, అన్నీ కలిస్తే అయింది. ఆ డబ్బు కూడా ఒక్కసారి చేతికి రాదు, నెలకి 992 చొప్పున వదిలేవారు. అయినా ఇద్దరం స్టూడెంట్స్‌గానే రావాలని పట్టుబట్టింది నేనే, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నా. చదువు ఒక్కరిదే అయితే రెండోవాళ్ళకి ఈ దేశంలో రోజంతా ఏం చేయాలో తోచదు, చలికాలంలో నాలుగింటికే చీకటి పడిపోతే ఒక్కళ్ళే గదిలో కూర్చుని ఎవరొస్తారా అని ఎదురుచూడటం ఎంత కష్టమో పక్క బ్లాక్‌లో కళ్ళారా చూస్తున్నాను.

ఇక్కడికొచ్చాక అర్థమైన ఒక విషయం, వచ్చే జంటలకి ఉపయోగపడుతుందని చెప్తున్నా. స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్ నెలకి నూట నలభై యూరోల పైనే అవుతుంది, కానీ ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో ఒకళ్ళు మెంబర్ అయి, రెండోవాళ్ళ సంపాదన లిమిట్ లోపల ఉంటే ఫ్యామిలీ ఇన్సూరెన్స్ కింద వాళ్ళకి వేరే కట్టక్కర్లేదు, స్టూడెంట్ అయినా సరే. మినీజాబ్ (తక్కువ జీతానికి చేసే చిన్న పార్ట్‌టైమ్ పని) వరకే చేసేవాళ్ళకి 2025లో ఆ లిమిట్ నెలకి 556 యూరోలు, 2026 జనవరి నుంచి 603. దానికి పెళ్ళి సర్టిఫికెట్ కావాలి. గుడిలో ఇచ్చే రసీదు, పెళ్ళి ఫోటోలు ఇక్కడ పనికిరావు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించిన కాగితం ఉండాలి, అది కూడా బయల్దేరకముందే చేయించి పెట్టుకోండి. అందుకే మా ఇంట్లో నేను యూనివర్సిటీలోనే హివి (స్టూడెంట్ అసిస్టెంట్) జాబ్ చేస్తాను, లిమిట్ దాటను, పైగా స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 రోజులే పని చేయొచ్చన్న లెక్కలో హివి పని రాదు. ఎక్కువ గంటలు తను చేస్తాడు. రేడియో టీవీ ఫీజు 18.36 కూడా ఇంటికి ఒక్కటే కాబట్టి అది ఇద్దరికీ కలిపే. ఇవన్నీ చిన్న చిన్న లెక్కలే కానీ నెలాఖరులో బియ్యం బస్తా ఈ మిగులుతోనే వస్తుంది.

ఇక ఆదివారం సంగతి. ఇక్కడ ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూత. మొదట్లో మాకు ఊపిరాడలేదు, ఆదివారమేగా మనకి ఊళ్ళో చికెన్ కొట్టు దగ్గర లైన్ ఉండేది! తర్వాత తెలిసింది ఇది వాళ్ళ రాజ్యాంగంలోనే ఉందని, 1919 వైమార్ రాజ్యాంగంలో ఆదివారం విశ్రాంతి రోజు అని రాసుకున్న ఆర్టికల్‌ని 1949లో అలాగే కొత్త రాజ్యాంగంలోకి తెచ్చుకున్నారు. దాని పుణ్యమే మా ఆయన వేర్‌హౌస్ కూడా ఆ రోజు నడవదు. లైబ్రరీకి నేనూ వెళ్ళను, ఎగ్జామ్స్ ఉన్నా వెళ్ళను, అది మా ఒప్పందం.

ఆదివారం దోసెలు కావాలంటే పని శుక్రవారం రాత్రే మొదలవుతుంది, మినపప్పు నానేస్తే శనివారం సాయంత్రానికి రుబ్బుతాం. రాత్రి పది దాటితే ఇక్కడ చప్పుడు చేయకూడదు, ఆదివారమైతే పగలు కూడా మిక్సీ వేస్తే కింద ఇంటి పెద్దావిడ తలుపు కొడుతుంది, అందుకని ఇంటి నుంచి తెచ్చుకున్న మిక్సీకి అడాప్టర్ తగిలించి, కింద మడత పెట్టిన టవల్ వేసి, జార్ మూత మీద తను రెండు చేతులతో అదిమి పట్టుకుంటే నేను స్విచ్ వేస్తా. పిండి ఈ చలికి బయట పెడితే రెండు రోజులైనా పొంగదు. ఓవెన్ ఆన్ చేయకుండా లోపలి లైట్ ఒక్కటే వేసి గిన్నె అందులో పెట్టి పడుకుంటాం, ఆ బల్బు వేడి చాలు, పొద్దున్నకి మూత ఎత్తితే పైదాకా వచ్చి బుడగలు బుడగలుగా ఉంటుంది. తను పెనం దగ్గర నిలబడతాడు, నేను కిటికీ దగ్గర, ఎందుకంటే తాలింపులో ఎండుమిర్చి మాడితే స్మోక్ అలారం మోగుతుంది, మైనస్‌లో ఉన్నా కిటికీ బార్లా తెరవాల్సిందే. చట్నీలోకి కరివేపాకు ఉంటే ఆ వారం పండగే. అమ్మ నెయ్యి డబ్బా సర్దితే బయటికి తీయించేశాం, పాల పదార్థాలేవీ యూరప్‌లోకి తేనివ్వరు, కందిపొడి, సకినాలు మాత్రం వచ్చాయి.

తిన్నాక ఇంటికి ఫోన్లు. చలికాలంలో నాలుగున్నర గంటల తేడా, మాకు పదిన్నర అయితే వాళ్ళకి మధ్యాహ్నం మూడు, అందరూ భోంచేసి తీరిగ్గా ఉంటారు. అత్తమ్మ "ఏం తిన్నవ్ బిడ్డా" అని ముందు నన్నే అడుగుతుంది, ఆ తర్వాతే కొడుకు. పిల్లల గురించి అడిగే పిన్నిలు కూడా అప్పుడే లైన్లోకి వస్తారు, దానికి తనే సమాధానం చెప్తాడు, నా దాకా రానివ్వడు. ఆ విషయంలో నాకు తనంటే చాలా గౌరవం.

సాయంత్రం ఖాళీ బాటిళ్ళ బ్యాగ్ గుమ్మం దగ్గర పెట్టుకుంటాం, మర్నాడు సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేయడానికి, ఒకసారి వాడే ప్లాస్టిక్ బాటిల్‌కి డిపాజిట్‌గా కట్టిన 25 సెంట్లు వెనక్కొస్తాయి. తర్వాత ష్లోస్‌టైష్ చెరువు చుట్టూ నడుస్తాం. వారమంతా కాగితం మీద రాయలేని మాటలు అక్కడే వస్తాయి, ఎవరికి ఏ సబ్జెక్ట్ భయంగా ఉంది, ఎవరికి ఏడుపొచ్చింది, ఈ నెల ఈఎంఐకి ఇంటికి ఎంత పంపగలం.

పోయిన ఆదివారం కూడా అక్కడే ఒకటి తేల్చుకున్నాం. తను ఏప్రిల్‌లో థీసిస్ మొదలుపెడతాడు కాబట్టి నైట్ షిఫ్టులు మానేస్తాడు, నేను వర్కింగ్ స్టూడెంట్ జాబ్‌లోకి (చదువుకుంటూ కంపెనీలో చేసే పార్ట్‌టైమ్) మారతా, నా ఇన్సూరెన్స్ నేనే కట్టుకుంటా. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇక్కడ 18 నెలలు ఇస్తారు, ఇద్దరిలో ఆఫర్ ఎవరికి ముందొస్తే ఆ ఊరికి సామాన్లు కట్టేస్తాం, రెండోవాళ్ళు అక్కడే వెతుక్కుంటారు. స్టుట్‌గార్ట్ అయితే నాకిష్టం, తనకి దగ్గర్లోని లైప్‌జిగ్ దాటాలని లేదు.