కాశీబుగ్గలో పది నిమిషాలు

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి ఊళ్లోకి రావడానికి ఆటో అతను మూడు వందలు తీసుకున్నాడు. ఆ కోపం అరసవల్లిలో దర్శనం అయ్యాక కూడా తగ్గలేదు. శ్రీకూర్మం, శ్రీముఖలింగం కూడా చూశాను. వాటి గురించి చాలామంది రాశారు. నేను చెప్పాలనుకున్నది మూడో రోజు మధ్యాహ్నం కాంప్లెక్స్‌లో ఎక్కిన సోంపేట బస్సు గురించి.

కిటికీ పక్కన ఉన్నాయనకు యాభై అయిదు దాటి ఉంటాయి. సీటుకు వాలకుండా నిటారుగా కూర్చున్నారు. ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు, దాని మీద రెండు చేతులు. "మిలటరీలో చేశారా?" అని అడిగాను.

"కుడి చెవి వినపడదు బాబూ, మీరు ఇటు రండి" అంటూ లేచి నాకు కిటికీ పక్క చోటిచ్చారు. పదిహేడేళ్లు ఆర్టిలరీలో చేశారట. 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్‌లో బోఫోర్స్ తోపు దగ్గర ఉన్నారు. తొలోలింగ్, టైగర్ హిల్ అంటూ నేను ప్రశ్నల మీద ప్రశ్నలు వేయబోయాను. "అక్కడే చెవి పోయింది" అని ఒక్క మాటతో ఆ సంగతి ముగించేశారు. ఫైలు గురించి మాత్రం నరసన్నపేట నుంచి టెక్కలి దాకా చెప్పారు.

ఆ ఫైలు ఆయనది కాదు. అదే రెజిమెంటులో చేసిన పక్క ఊరి స్నేహితుడిది. ద్రాస్ నుంచి క్షేమంగా తిరిగి వచ్చిన ఆ మనిషిని ఉద్దానం కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. ఎన్ని పరిశోధనలు జరిగినా ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో వచ్చింది. ఆ స్నేహితుడి డయాలసిస్ రోజులు అంతకు ముందువి. మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉండబట్టి ఖర్చు భరించగలిగారు కానీ, విశాఖ దాకా రాకపోకలు మనిషిని పిండేశాయట. "ప్రతిసారీ నేనే తీసుకెళ్లేవాణ్ణి" అన్నారు.

స్నేహితుడు పోయి రెండేళ్లు. భార్యకు కుటుంబ పింఛను ఇంకా మొదలు కాలేదు. జవానుకు పింఛనుగా వచ్చేదే చివరి జీతంలో సగం. అతను పోతే భార్యకు మామూలుగా 30 శాతం, మొదటి కొన్నేళ్లు కాస్త ఎక్కువ. ఆ కాస్త డబ్బుకు అడ్డు పడింది ఆమె పేరు.

సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని కుటుంబం ఉత్తరాంధ్రలో అరుదు. ఆమె పేరు కూడా 'అప్పల'తోనే మొదలవుతుంది. పెళ్లయ్యాక భర్త యూనిట్‌లో వివరాలు రాయించినప్పుడు, తెలుగు రాని గుమాస్తా ఇంగ్లీషులో దాన్ని 'అప్పల్' అని రాసి, మిగతా పేరును విడగొట్టాడు. డిశ్చార్జి పుస్తకంలోకి అదే ఎక్కింది. ఆధార్‌లో పేరంతా కలిపి ఉంది. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ముందుకొచ్చింది. పింఛన్లు స్పర్శ్ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి వచ్చాక అక్షరం అక్షరం కలవాలి. ఒక కార్యాలయంలో ఇవాళ నాలుగోసారి ఫైలు తిప్పి పంపారు. ఈసారి అఫిడవిట్ కావాలట, రికార్డ్ ఆఫీసుకు కొత్త దరఖాస్తు కావాలట.

"నాలుగుసార్లు మీరొక్కరే తిరిగారా?" అన్నాను.

"చెల్లెమ్మ కూడా వచ్చింది. అదిగో" అని ముందు సీటు వైపు చూపించారు. కిటికీ ఊచకు తల ఆనించి నిద్రపోతోంది. ముప్పావు గంటగా ఆమె గురించే మాట్లాడుకుంటున్నాం, ఆమె మాకు నాలుగు వరుసల ముందే ఉంది. నాకు ప్రాణం చివుక్కుమంది.

మాది తాడేపల్లిగూడెం. తరతరాలుగా సైన్యంలోకి మనుషులను పంపిన మాధవరం మాకు పక్కనే. బడిలో ప్రతి డిసెంబర్ 7న, సాయుధ దళాల పతాక దినం నాడు, రూపాయి ఇచ్చి కాగితం జెండా చొక్కాకు గుచ్చుకునేవాళ్లం. మా పెద్ద మామయ్య కూడా సిపాయే. ఆయన పోయాక, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, అత్తయ్య ఒక అర్జీ రాసిపెట్టమని అడిగింది. రేపు, ఎల్లుండి అంటూ పరీక్షల దాకా లాగాను. చివరికి ఆమె పోస్టాఫీసు దగ్గర ఎవరికో డబ్బిచ్చి రాయించుకుంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇరవై అయిదేళ్ల నాటి ఆ సంగతి టెక్కలి దాటుతుండగా గుర్తొచ్చింది.

రోడ్డు పక్కన పది పన్నెండు మంది కుర్రాళ్లు పరుగెత్తుతున్నారు. సైన్యం ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది, దానికోసం. ఆయన బస్సులోంచి మెడ తిప్పి కనుమరుగయ్యే దాకా చూశారు. "వీళ్లకు నాలుగేళ్లే. నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు" అన్నారు. 2022లో అగ్నిపథ్ వచ్చినప్పటి నుంచి ఆ మాట ఈ జిల్లా ఇళ్లలో ఎన్నిసార్లు అనుకుని ఉంటారో.

కాశీబుగ్గలో బస్సు పది నిమిషాలు ఆగుతుందని కండక్టర్ చెప్పాడు. టీ తాగడానికి అందరూ దిగారు. నేను దిగలేదు. "ఆ దరఖాస్తు ఇవ్వండి, కుదుపుల్లేనప్పుడు రాసేస్తాను" అన్నాను. ఆయన వెంటనే ఫైలు విప్పారు. నంబర్లన్నీ కాగితం చూడకుండా చెప్పారు, స్నేహితుడి ఆర్మీ నంబరుతో సహా.

పేరు దగ్గర పెన్ను ఆపాను. అప్పటికి ఆమె లేచింది. "అన్నయ్యా, ఊరొచ్చిందా?" అంది. పరిచయం అయ్యాక, "మీ పేరు మీరెలా రాస్తారమ్మా?" అని అడిగాను. బస్సు టికెట్టు వెనక, ఒత్తులు దిద్దుకుంటూ, తెలుగులో రాసి ఇచ్చింది. మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉన్న పేరు తెలుగులో ఒక్కటే. ఆధార్‌లోని ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే పైకి చదివాను. ఆమె తల ఊపాకే రాశాను. డ్రైవర్ హారన్ కొట్టేసరికి సంతకం గడి ఒక్కటే మిగిలింది.

హరిపురం దాటాక ఒక అడ్డరోడ్డు దగ్గర వాళ్లు దిగారు. 2018లో తిత్లీ తుపాను కూల్చిన తోటల్లో మళ్లీ నాటిన కొబ్బరి అక్కడ మనిషెత్తు దాటింది. ఆయన ముందు, ఆమె వెనక, ఫైలు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. టికెట్టు నా దగ్గరే ఉండిపోయిందని సోంపేటలో గాని చూసుకోలేదు.