నల్లమలలో నీలి సాలీడు కోసం

నంద్యాల నుంచి గాజులపల్లె మీదుగా గిద్దలూరు ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు పులి కోసమో, కనీసం దుప్పుల మంద కోసమో కిటికీలోంచి తొంగి చూస్తారు. మేము వెళ్లింది చెట్ల తొర్రలు వెతకడానికి.

మేము వెతుకుతున్న సాలీడు మొదట దొరికింది గుత్తిలో, రైల్వే కలప యార్డులో. పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు 1899లో దానికి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తరువాత వందేళ్లపాటు దాని జాడే లేదు. మళ్లీ 2001లో కనిపించింది గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, నంద్యాల, గిద్దలూరుల మధ్య ఉన్న ఈ అడవిలో. కలప దుంగల్లో దాక్కుని రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని పరిశోధకుల ఊహ. టికెట్టు లేని ఆ ఒక్క ప్రయాణంతో దీనికి ఇంగ్లీషులో 'గూటీ టరాంటులా' అన్న పేరు స్థిరపడి, గుత్తి పేరు దేశదేశాలకు పాకింది. నల్లమలకు ఆ పేరులో చోటు దక్కలేదు.

ఆరుద్ర కార్తె. తొలి వానలు పడి రెండు రోజులు కూడా కాలేదు. అటవీ శాఖ అనుమతితో, వాచరుగా పనిచేసే ఒక చెంచు పెద్దాయన వెంట నడిచాం. దారి పొడవునా ఆరుద్ర పురుగులు. ఎర్రటి మఖమల్ ఒంటితో మట్టి మీద తాపీగా తిరుగుతున్నాయి. అందరూ పురుగులంటారు గానీ వీటికి ఎనిమిది కాళ్లు. సాలీళ్లకు, తేళ్లకు దగ్గర చుట్టాలు. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోపలే గడిపి, వాన పడగానే పైకి వస్తాయి. అదే వానకు పుట్టల్లోంచి ఉసిళ్లు, అంటే రెక్కల చెదలు, కూడా లేస్తాయి. చెదలను తినే ఆరుద్రలకు అది విందు. పక్కనే ఒక చెదపుట్ట గుల్లయి ఉంది. "ఎలుగు పని" అన్నాడు పెద్దాయన. పుట్టను గోళ్లతో చీల్చి, మూతి పెట్టి చెదలను పీల్చేస్తుందట. రోకలిబండలు, ఆకులు కుట్టుకునే ఎర్రచీమలు దారిలో చాలానే కనిపించాయి కానీ, మా ధ్యాసంతా మాను బెరళ్ల మీదే.

ఆ సాలీడుకు తొర్ర ఉన్న ముసలి చెట్టు కావాలి. లోపల సాలెగూడు అల్లుకుని పగలంతా కదలదు. పొద్దు వాలాక తొర్ర అంచుకు వచ్చి పురుగుల కోసం కాచుకుంటుంది. తొర్ర పడిన చెట్టు కలపకు పనికిరాదు కాబట్టి వంటచెరకు కోసం ముందుగా గొడ్డలి పడేది దాని మీదే. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. చిత్రమేమిటంటే, ఐరోపా, అమెరికాల్లో దీన్ని గాజు పెట్టెల్లో పెంచి, పిల్లలు పుట్టించి అమ్ముతారు. పొయిసిలోథీరియా సాలీళ్లన్నిటి అంతర్జాతీయ వ్యాపారానికి 2019లో సైట్స్ అనే వన్యజీవుల వ్యాపార ఒప్పందం కింద నియంత్రణ వచ్చింది. అందుకే మేము చూసిన చెట్టు ఏదో, ఎక్కడుందో ఇక్కడ రాయను.

చీకటి పడుతుండగా చూశాం. ముందు రెండు కాళ్లు తొర్ర అంచు మీద కనిపించాయి. బూడిద రంగే అనుకున్నాను. పెద్దాయన టార్చి కొంచెం పక్కకు వంచాడు. అంతే, నీలం! కాళ్ల కీళ్ల దగ్గర పసుపు పచ్చని మచ్చలు. ఒంట్లో నీలి రంగు పదార్థమేదీ లేదు. వెంట్రుకల లోపలి అతి సూక్ష్మ నిర్మాణం వెలుతురును చెదరగొట్టి ఆ రంగు పుట్టిస్తుంది. ఫోటో కోసం నేను ముందుకు వంగాను.

"పుల్లతో కూడా కదపకండి సార్. దాని ఇల్లు అది" అన్నాడాయన. కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపడాలని చదివి ఉన్నాను కనుక ఆ మాట వినడం కష్టం కాలేదు. రెండు ఫోటోలు తీశాను. రెండూ మసకే.

బసకు తిరిగొచ్చాక నా దగ్గరున్న అతినీలలోహిత టార్చి వెలిగించాను. ఆ వెలుగులో తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. వంటగది వెనక రాళ్ల కుప్పలో ఒకటి, గోడ పగులులో ఇంకొకటి, మా చెప్పులకు జానెడు దూరంలో వీపు నిండా తెల్లటి పిల్లలతో తల్లి తేలు. చూడమని వంట చేసే అక్కను పిలిచాను. ఆమె తొంగి చూసి, "ఇన్నేళ్లుగా వీటి మధ్యే వంట చేస్తున్నానా! ఆ లైటు ఆర్పేయండి బాబూ, రేపు పొద్దున్నే నేను మళ్లీ ఇక్కడికే రావాలి" అంది.