కొడితే దబ్‌మన్న పడవ

పడవ కొనేటప్పుడు నేను పరీక్షగా చూసింది ఇంజన్ ఒక్కటే. 15 అడుగుల ఫైబర్ గ్లాస్ పడవ, వెనక పలకకి బయట తగిలించే 25 హార్స్ పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజన్. ఎన్నేళ్ళుగా మూలన పడి ఉందో తెలీదు. తాడు లాగితే ఇంజన్ బిగుసుకుపోకుండా తిరిగింది, అంతే, మనసు పారేసుకున్నాను. "రంగేస్తే చాలు బావా" అన్నాను. బావ జవాబు చెప్పకుండా సుత్తి తిరగేసి, పిడితో ఇంజన్ తగిలించే వెనక పలక మీద కొట్టుకుంటూ వెళ్ళాడు. అంచుల దగ్గర టక్ టక్‌మన్న పలక బోల్టుల కిందికి వచ్చేసరికి తడిసిన అట్టపెట్టెలా దబ్ దబ్‌మంది.

"విన్నావుగా?" అన్నాడు.

ఆ పలకను ట్రాన్సమ్ అంటారు. పైకి ఫైబరే కనిపించినా చాలా పాత పడవల్లో లోపలుండేది ప్లైవుడ్. ఇంజన్ బరువూ, అది ముందుకు తోసే బలమూ మోసేది అదే. బోల్టుల చుట్టూ సీలెంట్ ఎండి పగిలితే నీళ్ళు లోపలికి దిగుతాయి, బయటికి దారి దొరకదు. లోపలివైపు నుంచి నాలుగు చోట్ల సన్న బిట్‌తో రంధ్రాలు వేశాం. మంచి చెక్కయితే పొడి పొట్టు రావాలి. మాకు నల్లటి ముద్ద వచ్చింది. వేళ్ళ మధ్య నలిపితే బురద వాసన.

మూడు నెలల ఆదివారాలు ఆ పలకకే పోయాయి. బయటి పొర అలాగే ఉంచి, లోపలి పొర కోసి, కుళ్ళిన చెక్కంతా ఉలితో గీకి తీశాం. ఫైబర్‌ని గ్రైండర్‌తో రుద్దే పని మాత్రం పగవాడికి కూడా వద్దు. మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా అన్నీ వేసుకున్నా రాత్రికి మెడంతా దురద.

కొత్త ప్లైవుడ్ అతికించేటప్పుడు తొందరపడి మగ్గు నిండా ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, కలిపేశాను. అది గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. లోతైన మగ్గులో ఆ వేడి బయటికి పోలేదు, వేడెక్కేకొద్దీ ఇంకా తొందరగా గట్టిపడింది. చూస్తుండగానే మగ్గు మెత్తబడి పక్కకి ఒరిగింది, పొగ లేచింది. ఒడిసి పట్టుకుని బయట ఇసకలో పెట్టాను. ఆ తర్వాత వెడల్పాటి పళ్ళెంలో కొంచెం కొంచెంగా కలుపుకుంటే హాయిగా చేతికి సమయం దొరికింది.

ఇంజన్ పనిలో అంత బాధ లేదు. ప్లగ్గులు తీసి, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే ఒక సిలిండర్ 118, రెండోది 115 పీఎస్‌ఐ చూపించాయి. విడి అంకెల కంటే రెండింటి మధ్య తేడా తక్కువగా ఉండటం ముఖ్యం కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. కింద గేర్ ఆయిల్ మాత్రం పాలు కలిపినట్టు తెల్లగా వచ్చింది. అంటే సీల్ పోయి నీళ్ళు చేరాయి. కార్బ్యురేటర్‌లో పాత పెట్రోల్ బంకలా పేరుకుంది. నీళ్ళు పైకి తోసి ఇంజన్‌ని చల్లబరిచే ఇంపెల్లర్ రబ్బరు రెక్కలన్నీ ఒకవైపుకి వంగి బిగుసుకుపోయాయి. ఒక రెక్క అసలు లేనే లేదు. కొత్తది వేసేస్తే పని అయిపోదు, ఆ విరిగిన ముక్క ఎక్కడుందో దొరకాలి. నీటి దారిలో అడ్డం పడితే కొత్త ఇంపెల్లర్ ఉన్నా ఇంజన్ కాలిపోతుంది. వేళ్ళు పట్టని చోట గంటసేపు వెతికితే పైకి వెళ్ళే గొట్టం మొదట్లో గోరంత ముక్క దొరికింది.

మాన్యువల్లో 50:1 అని ఉంది కాబట్టి లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపాం. నీళ్ళు లాక్కునే రంధ్రాలకు పైపు తగిలించి నేలమీదే స్టార్ట్ చేశాం. వెనక నుంచి సన్నటి ధార వచ్చేదాకా బావ చెయ్యి ఆపే బటన్ మీదే ఉంది.

మొదటిసారి దించినప్పుడు ఒడ్డుకి కట్టేసే ఉంచాం. ట్రాన్సమ్ లోపలివైపు, అడుగునా పేపరు ముక్కలు అంటించాం, తడిస్తే రంగు మారి తెలిసిపోతుందని. అరగంటలో ఒక్క ముక్క ముదురు రంగుకి తిరిగింది. ఎప్పుడో తీసేసిన బిగింపు తాలూకు స్క్రూ రంధ్రం, రంగు కింద దాక్కుంది! మేమిద్దరం ఎన్నిసార్లు దాని మీద చెయ్యి వేశామో. దాన్ని పూడ్చి, వారం ఆగి మళ్ళీ వచ్చాం.

ఈసారి లైఫ్ జాకెట్లు, లంగరు, మంటలార్పే సిలిండర్, రెండు తెడ్లు. జారిపడితే ఇంజన్ ఆగిపోయే తాడు నా మణికట్టుకి. మెల్లగా వేగం పెంచాను. ముక్కు పైకి లేచి, తర్వాత దిగి, పడవ నీళ్ళని కోయడం మాని వాటి మీద జారడం మొదలుపెట్టింది. నాలుగు నెలల్లో అంత గట్టిగా నవ్వలేదు.

పది నిమిషాలకి ఇంజన్ గొంతు మారింది. ఒకసారి దగ్గి, ఆగిపోయింది.

నా టెన్షన్‌కి ముందు దొరికింది కార్బ్యురేటరే. మూత తీసి స్పానర్ కోసం వెతుకుతుంటే, అప్పటికే తెడ్డు వేస్తున్న బావ "ముందు ఆ బల్బు చూడు" అన్నాడు. పెట్రోల్ పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు గాలి పీల్చేసినట్టు చదునుగా అతుక్కుపోయి ఉంది. ట్యాంకు మూత మీద గాలి ఆడటానికి ఒక చిన్న స్క్రూ ఉంటుంది. బండిలో తెచ్చేటప్పుడు పెట్రోల్ ఒలకకుండా దాన్ని నేనే బిగించాను, తిప్పడం మర్చిపోయాను. పెట్రోల్ పోయినకొద్దీ లోపలికి గాలి రాక, ఇంజన్ ఇక లాక్కోలేకపోయింది. స్క్రూ తిప్పగానే సుయ్‌మంది. బల్బు గుండ్రంగా ఉబ్బింది. నాలుగుసార్లు నొక్కి తాడు లాగితే రెండో లాగుకే అందుకుంది.

ఒడ్డుకొచ్చి పడవని ట్రాలీ ఎక్కించి అడుగు బిరడా తీస్తే గ్లాసెడు నీళ్ళు కూడా రాలేదు. బయల్దేరే ముందు గాలి స్క్రూ మళ్ళీ బిగించాను. బిగించి, స్టార్టర్ తాడు పిడికి ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టాను.