జామెట్రీ బాక్సులో కాక్‌పిట్

తాడేపల్లిగూడెంలో నేను దిగే లాడ్జిలో రెండో అంతస్తు మూల గదికి ఒక మంచి గుణం ఉంది. అద్దం మీద తెల్లటి ట్యూబులైటు, అద్దం కింద జానెడు వెడల్పు చెక్క బల్ల. దువ్వెన, సబ్బు పెట్టుకోవడానికి బిగించిన బల్ల అది. నాకు మాత్రం అదే వర్క్‌షాపు. కింద కౌంటర్లో ఉండే కుర్రవాడికి ఈ సంగతి తెలుసు. ఫోన్ చేయగానే "మీ గది ఖాళీగానే ఉందండి" అంటాడు. అదే అద్దెకు ఏసీ గది ఇస్తానన్నా వద్దంటానని అతనికి ఇప్పటికీ ఆశ్చర్యం. ఏసీ గదుల్లో పసుపు దీపాలు. ఆ వెలుతురులో నలుపూ ముదురు బూడిద రంగూ ఒక్కలాగే కనిపిస్తాయి. నాకు ఆ రెండింటి మధ్యనే పని.

ఉద్యోగరీత్యా నేను వేబ్రిడ్జిలు సరిచూసేవాణ్ణి. రైస్ మిల్లుల ముందు ధాన్యం లారీలు ఎక్కి దిగే కాటాలు ఉంటాయి కదా, అవి. నెలలో సగం రోజులు తాడేపల్లిగూడెం, మండపేట, మిర్యాలగూడ. పగలంతా ఊక దుమ్ములో, కాటా కింద బరువును పట్టే లోడ్‌సెల్స్ పక్కన గొంతుకూర్చుని ఉంటాను. సాయంత్రం ఏడు తర్వాత మనిషికి చేయడానికి ఏమీ ఉండదు. ఒకప్పుడు టీవీ చూసేవాణ్ణి. ఇప్పుడు ఏడాదిన్నరగా ఒక బొమ్మ సీ హారియర్‌కు కాక్‌పిట్, అంటే పైలట్ కూర్చునే చోటు, కడుతున్నాను. సీ హారియర్ మన నౌకాదళం నడిపిన యుద్ధ విమానం. స్కేలు 1/72, అంటే అసలు దానిలో 72వ వంతు.

సీ హారియరే ఎందుకంటే, మాది విశాఖ. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకా ప్రదర్శన జరిగినప్పుడు సముద్రంలో లంగరు వేసిన ఓడల వరుసను బీచ్ రోడ్డు నుంచి చూస్తూ, వాటిలో సీ హారియర్లను మోసిన విమానవాహక నౌక విరాట్ ఏదో మా అబ్బాయికి చూపించాను. ఆ సంవత్సరమే మే నెలలో గోవాలో సీ హారియర్లకు వీడ్కోలు చెప్పారు. మరుసటి మార్చిలో విరాట్ కూడా సేవల నుంచి తప్పుకుంది. దాన్ని మా ఊరికి తెచ్చి మ్యూజియం చేస్తారని ఆశపడ్డాం. చివరికి 2020లో గుజరాత్‌లో ఓడలు విరగ్గొట్టే అలంగ్‌కు వెళ్లిపోయింది, ముక్కలు కావడానికి. ఓడ రాలేదు గాని, విమానం వచ్చింది. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి, టీయూ-142 విమానం ఉన్న వరుసలోనే ఇప్పుడు సీ హారియర్ మ్యూజియం కూడా ఉంది.

అసలు విమానం పొడవు పద్నాలుగున్నర మీటర్లు, రెక్కల కొసల మధ్య 7.7 మీటర్లు. నా దగ్గర ఉన్నది 20 సెంటీమీటర్ల పొడవు, పదకొండుకు కాస్త తక్కువ వెడల్పు. దాన్ని రైల్లో తిప్పితే ఒక్క ప్రయాణానికే రెక్కలు ఊడతాయి. అందుకని విమానం ఇంట్లో బీరువా మీద ఉంటుంది, కాక్‌పిట్ నాతో ఊళ్లు తిరుగుతుంది. సీటు, దానికి రెండు పక్కలా మీటలుండే గట్లు, డయళ్ల పలక అన్నీ కలిపినా బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే. మా అబ్బాయి ఏడో తరగతిలో వాడి వదిలేసిన రేకు జామెట్రీ బాక్సులో అదీ, దాని సామానూ పడతాయి. మందుల షాపులో కొన్న 11 నంబరు సర్జికల్ బ్లేడు, ఒక పట్టకారు, పోస్టుకార్డు అంత ప్లాస్టిక్ షీటు, పాత ఇయర్‌ఫోన్ తీగ, 18 నంబరు ఇంజెక్షన్ సూది, టూత్‌పిక్‌లు, రెండు అగరవత్తులు, ఒక కొవ్వొత్తి ముక్క. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పల్చటి జిగురు ఇంట్లోనే వదిలేస్తాను. అది పెట్రోలులా భగ్గుమంటుంది, రైల్లో తీసుకెళ్లేది కాదు. ఫెవిక్విక్ ఒక చుక్క రేకు మూత మీద వేసుకుని గుండుసూది మొనతో అంటిస్తే ఈ పరిమాణానికి అదే ఎక్కువ.

బొమ్మ విమానం ప్లాస్టిక్ భాగాలుగా కిట్‌లో వస్తుంది. దానితో వచ్చిన కాక్‌పిట్‌లో ఒక సీటు, విమానాన్ని నడిపే ఒక కర్ర, పక్క గట్ల మీద అంటించుకోవడానికి ఒక స్టిక్కరు ఉన్నాయి. ఎడమ గట్టు మీద ఏమీ లేదు. హారియర్‌కు ప్రాణం ఉన్నదే ఆ ఎడమ గట్టు మీద. మామూలు యుద్ధ విమానంలో పైలట్ ఎడమ చేతికి థ్రాటిల్ ఒక్కటే, ఇంజిను జోరు పెంచి తగ్గించే మీట. ఇందులో దాని పక్కనే ఇంకో లీవరు ఉంటుంది. ఇంజిను గాలి బయటికి వచ్చే నాలుగు నాజిళ్లను తిప్పేది అదే. ముందుకు తోసి ఉంచితే గాలి వెనక్కి పోతుంది, విమానం ముందుకు దూసుకెళుతుంది. వెనక్కి లాగితే నాజిళ్లు కిందికి తిరుగుతాయి, విమానం గాలిలో నిలబడుతుంది. 98.5 డిగ్రీల దాకా, అంటే నిట్టనిలువును దాటి కొంచెం ముందుకు కూడా తిరుగుతాయి. విరాట్ మీది 12 డిగ్రీల ర్యాంపు ఎక్కేటప్పుడు దాన్ని ఎంత లాగాలన్నదానికి ముందే ఒక ఆపు పెట్టుకుని ఉంచేవారు. ఒకే చెయ్యి, రెండు లీవర్లు. అది లేని హారియర్ నా దృష్టిలో క్లచ్ లేని లారీ.

కాబట్టి ముందు ఆ లీవరుతోనే మొదలుపెట్టాను. అసలు లీవరు కడ్డీ 10 మిల్లీమీటర్ల మందం అనుకుందాం. 72తో భాగిస్తే 0.14. ఇయర్‌ఫోన్ తీగ ఒలిస్తే లోపల దాదాపు ఆ మందంలో రాగి పోగులు దొరికాయి. నా వృత్తిలో 60 టన్నుల కాటా మీద 10 కేజీల గీతను పట్టుకుని గంటలు గంటలు వాదిస్తాం. ఆ అలవాటే ఇక్కడా. కొలత సరిగ్గా వచ్చేదాకా పోగులు మార్చి మార్చి, బిగించి, రంగు వేసి, మూరెడు దూరంలో పెట్టి చూశాను. లీవరు లేదు. ఉంది, కానీ లేదు. గోడ రంగులో కలిసిపోయి, ఏదో వెంట్రుక పడినట్టుంది. ఊదాలనిపించింది కూడా.

రెండోసారి కిట్ భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి ఒక పుల్ల విరిచి, కొవ్వొత్తి మీద తిప్పుతూ మెత్తబడగానే మంట నుంచి తీసి రెండు చేతులతో లాగాను. నెమ్మదిగా లాగితే లావు పోగు, విసురుగా లాగితే సన్నపోగు. పావు మిల్లీమీటరు దగ్గర ఆగాను. అసలు లెక్కలో అది 18 మిల్లీమీటర్లు, అంటే ముసలాయన చేతికర్ర మందం. దాని కొసకు గుండు కావాలి. అగరవత్తి వెలిగించి, బూడిద దులిపి, ఎర్రటి మొనను పోగుకు తగలకుండా అర మిల్లీమీటరు దూరంలోకి తెచ్చి పట్టుకుంటే, పోగు కొస తనంతట తానే వెనక్కి ముడుచుకుని చిన్న పూసలా అవుతుంది. ఒక్క లిప్తపాటు. ఆలస్యమైతే పూస కాస్తా బఠాణీ అవుతుంది, పోగు ఇంద్రధనుస్సులా వంగిపోతుంది. పదకొండు పాడయ్యాయి. పన్నెండోది బిగించి చూశాను. కన్ను ఒప్పుకుంది. కొలత ప్రకారం అది పచ్చి అబద్ధం, దాదాపు రెట్టింపు. కాటా మీద ఇలాంటి పని చేస్తే నన్ను తీసుకెళ్లి లోపల వేస్తారు.

రంగులోనూ అంతే. డయళ్ల పలక నలుపు. నలుపు వేస్తే పలక కాదు, గొయ్యిలా కనిపించింది. ఇంత చిన్న వస్తువు మీద అసలైన నలుపు ఎప్పుడూ ఎక్కువ నల్లగా ఉంటుంది. టూత్‌పిక్ మొనతో తెలుపు కలుపుతూ కలుపుతూ, బాగా బూడిదగా మారాక అప్పుడు నలుపులా కనిపించడం మొదలైంది. డయళ్లకు ఇంజెక్షన్ సూది మొనను గచ్చు మీద అరగదీసి చదును చేశాను. దాన్ని రేకు మీద పెట్టి నొక్కి తిప్పితే గుండ్రటి బిళ్ల తెగి సూదిలో ఇరుక్కుంటుంది, వెనక నుంచి తీగతో తోసి తీయాలి. 18 నంబరు సూది లోపలి వ్యాసం 0.84, అంటే అసలు కొలతలో 60 మిల్లీమీటర్ల డయల్. ఇది మాత్రం న్యాయంగా కుదిరింది.

రైల్లో ఇవేవీ సాధ్యం కావు. రత్నాచల్‌లో కూర్చుని బ్లేడు పట్టుకుంటే తెగేది వేలే. ఎదుటి సీటు బల్ల దించుకుని, కట్టినదాన్ని భూతద్దంలో చూసుకోవడం, ఫోనులో ఫోటోలతో పోల్చుకోవడం, అంతవరకే. ఒకసారి సామర్లకోటలో ఎక్కిన పెద్దావిడ చాలాసేపు నా చేతులనే చూసి, "నగల పనా నాయనా?" అని అడిగారు.

"కాదమ్మా, విమానంలో పైలట్ కూర్చునే చోటు."

"మరి విమానం ఏదీ?"

"ఇంట్లో ఉందమ్మా."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, మా ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు ఉన్నారా అని అడిగారు. గోదావరి వంతెన వచ్చింది, నేను డబ్బా మూసేశాను, ఆమె పర్సులోంచి రూపాయి బిళ్ల తీశారు.

ఆమె అడిగిన ప్రశ్నలోనే నా తప్పు ఉందని తర్వాత తెలిసింది. విమానం ఇంట్లో ఉంది. నేను నక్షా చూసి, 72తో భాగించి, మూడు నెలలు ఊళ్లు తిరుగుతూ కట్టిన కాక్‌పిట్ తొట్టిని ఒక ఆదివారం ఇంట్లో విమానం పొట్టలో పెట్టబోతే పట్టలేదు. రెండు మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ. నక్షాలో తప్పు లేదు, నా లెక్కలోనూ లేదు. అసలు విమానానికి ఉండేది పల్చటి లోహపు చర్మం. కిట్ ప్లాస్టిక్ గోడ మందం 1.2 మిల్లీమీటర్లు. 72తో గుణించండి: 86 మిల్లీమీటర్లు, అంటే నా అరచేతి వెడల్పు. అటొక అరచేయి, ఇటొక అరచేయి మందాన గోడలున్న విమానంలోకి నేను నిజం కొలతల గది తోయబోయాను. గోడలను లోపలి నుంచి గీకి పల్చన చేయవచ్చు, కొంత చేశాను. అటువైపు వెలుతురు కనిపించేసరికి భయపడి ఆపేశాను.

ఆ తొట్టి ఇప్పుడు టీవీ పక్కన గూట్లో ఉంది. రెండోది మొదలుపెట్టే ముందు, ఒక మిల్లు యజమాని ఇచ్చిన విజిటింగ్ కార్డును విమానం పొట్ట లోపలి వెడల్పుకు సరిగ్గా కత్తిరించుకున్నాను. జామెట్రీ బాక్సులో ఇప్పుడు అదే నా కొలబద్ద. అందులో స్కేలు లేదు, నక్షా లేదు. కార్డులో పడితే పని, పడకపోతే మళ్లీ పని.

రెండో తొట్టిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది సీటు పిడి. ప్రమాదంలో పైలట్ సీటుతో సహా బయటికి ఎగిరిపోవడానికి కాళ్ల మధ్య నుంచి లాగే పసుపు, నలుపు చారల ఉంగరం. రంగుతో చారలు వేయబోతే ప్రతిసారీ తేనెటీగలా తయారైంది. లాడ్జి ఎదురుగా టైలర్ కొట్టుంది. పసుపు దారం ఒక మూరెడు కావాలంటే, ఏ చీరకు జాకెట్టు అని అడిగాడాయన. నలుపు దారం కూడా కావాలన్నాక ఇంక ఏమీ అడగలేదు. దారం పురి విప్పితే సన్న పోగులు వస్తాయి. పసుపు పోగు ఒకటి, నలుపు పోగు ఒకటి తీసుకుని, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, రెండూ కలిపి పేనాను. నూగు అణిగిపోయింది. గుండుసూది చుట్టూ తిప్పి ట్యూబులైటు కింద ఆరబెట్టి, పొద్దున్నే చూస్తే చారలు వాటంతట అవే పడి ఉన్నాయి. బ్రష్ తాకలేదు. ఆ రోజు మిల్లులో లోడ్‌సెల్ ఒకటి మొండికేసి మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టినా నాకు కోపం రాలేదు.

సీటు బెల్టులకు మాత్రల అట్ట వెనకాల ఉండే రేకు వాడాను. మండపేటలో జ్వరం వచ్చి మూడు రోజులు పడుకున్నప్పటి అట్ట. రేకును గాజు మీద పెట్టి 0.6 మిల్లీమీటర్ల పట్టీలుగా కోస్తే, వంచినచోట వంగి అలాగే ఉంటుంది, గుడ్డలాగే. పోయిన శనివారం రెండో తొట్టిని విమానంలో పెట్టాను. టక్కుమని కూర్చుంది. హారియర్ పైకప్పు వెనక్కి జరిగేది కాబట్టి తెరిచే ఉంచాలనుకుంటున్నాను.

మా ఆవిడ భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూసింది. లీవరు చూసింది, పిడి చూసింది. నేను మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను.

"ఏమండీ, సీటు వెనక ఈ నీలం గీతలేమిటి?"

చూశాను. సీటు వెనక్కి మడిచిన బెల్టు కొస. అటువైపు ఎవరు చూస్తారులే అని రంగు వేయలేదు. రేకు మీద అచ్చయిన అక్షరాల తలకట్లు వరసగా కనిపిస్తున్నాయి.

"మాత్ర పేరు" అన్నాను.

"పైలట్‌కు జ్వరమా?" అంది.

రేపు పొద్దున్నే మిర్యాలగూడకు జన్మభూమి రైలు. సీటు ఊడదీసి మళ్లీ జామెట్రీ బాక్సులో పెట్టాను.