కొనే ముందే అమ్మకం ధర రాసుకున్నాను

క్రిప్టో ట్రేడింగ్‌లోకి దిగే ముందు బిట్‌కాయిన్ పాత చార్టులను తీరిగ్గా చూశాను. 2017 డిసెంబరులో 20 వేల డాలర్ల దరిదాపులకు వెళ్లిన ధర, ఏడాది తిరిగేసరికి 3,200 డాలర్ల స్థాయికి జారింది. 2021 నవంబరులో 69 వేలను తాకి, మరుసటి నవంబరుకు 16 వేలకు దిగివచ్చింది. అన్నిటిలోకీ గట్టిదనిపించుకున్న కాయినే ముప్పావు వంతుకు పైగా విలువ పోగొట్టుకుంటున్నప్పుడు, ఎప్పుడు అమ్మాలో తేల్చుకోకుండా ఏది కొనాలో వెతకడం అర్థం లేని పనిగా తోచింది. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఎందుకు కొంటున్నానో, ఏ ధర దగ్గర నష్టానికైనా వదిలించుకుంటానో, ఏ ధర దగ్గర ఎంత భాగం అమ్ముతానో రాసిన తర్వాతే కొనడం మొదలుపెట్టాను.

ఎంత కొనాలన్నది కూడా ఆ నష్టపు ధర నుంచే తేలుతుంది. ఒక్క ట్రేడ్‌లో మొత్తం సొమ్ములో ఒక శాతానికి మించి పోకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. చేతిలో 10,000 డాలర్లు ఉన్నాయనుకుంటే ఆ హద్దు 100 డాలర్లు; స్టాప్ లాస్, అంటే నష్టానికైనా వదిలించుకునే ఆ ధర, కొన్న ధరకు 20 శాతం కింద ఉంటే 500 డాలర్లకు మించి కొనకూడదు. ఇంత కొంచెమా అని చిరాకు కలిగేది గానీ, సగానికి పడిపోయిన సొమ్ము మళ్లీ మొదటికి రావాలంటే రెట్టింపు కావాలన్న లెక్క గుర్తొస్తే ఆ చిరాకు తగ్గేది. బిట్‌కాయిన్ పడితే తక్కిన కాయిన్లు చాలావరకు దాని వెంటే, తరచుగా ఇంకా లోతుగా పడతాయి కాబట్టి, నాలుగు రకాలు కొన్నా వాటి నష్టాలన్నిటినీ కలిపే లెక్క వేసుకున్నాను.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సి వచ్చింది స్టాప్ ఆర్డర్ మీద, అంటే ధర ఆ స్థాయికి పడగానే దానంతటదే అమ్మేలా ఎక్స్ఛేంజ్‌కు ముందే ఇచ్చే ఆర్డర్ మీద. ఈ మార్కెట్ రాత్రీ పగలూ నడుస్తుంది, కనుక మనసులో పెట్టుకున్న స్టాప్ నిద్రలో పనికిరాదు. స్టాప్ లిమిట్ ఆర్డర్‌లో రెండు గడులుంటాయి: ఒకటి ఆర్డర్‌ను మేల్కొలిపే ధర, రెండోది అంతకు తక్కువకు అమ్మవద్దని చెప్పే ధర. మొదటిదానిలో 100, రెండోదానిలో 99 రాశామనుకుందాం. ధర ఒక్క ఊపులో 95కు పడితే, ఆర్డర్ మేల్కొంటుంది గానీ అమ్మకం జరగదు. 2020 మార్చి 12న బిట్‌కాయిన్ ఒక్కరోజులో దాదాపు 40 శాతం పడింది. స్టాప్ అవసరమయ్యేది సరిగ్గా అలాంటి రోజునే. అందుకని కొంత తక్కువ ధరకు పోయినా సరేననుకుని, మేల్కొన్నాక దొరికిన ధరకే అమ్మేసే స్టాప్ మార్కెట్ ఆర్డర్‌నే ఎంచుకున్నాను. పది రెట్ల లెవరేజ్, అంటే చేతి సొమ్ముకు పది రెట్ల విలువ కొనేలా అప్పు, తీసుకుంటే పది శాతం పతనానికే, ఒక్కోసారి అంతకు ముందే, పొజిషన్ లిక్విడేట్ అవుతుంది, అంటే కొన్నదాన్ని ఎక్స్ఛేంజే బలవంతంగా అమ్మేస్తుంది కనుక దాని జోలికి పోలేదు.

లాభం వైపు అమ్మడం ఇంతకన్నా కష్టమనిపించింది. రెట్టింపు కాగానే సగం అమ్మి అసలు వెనక్కి తీసుకోవాలని రాసుకున్నాను. అలాగే అమ్మాను; ఆ తర్వాతా ధర పెరుగుతూనే పోయింది. తిరిగి కొనాలన్న ఆరాటం బలంగానే కలిగింది. అయితే మిగిలిన సగం నా దగ్గరే ఉంది, దానికి ధరతో పాటు పైకి జరిగే ట్రైలింగ్ స్టాప్ కూడా పెట్టి ఉంది కాబట్టి ఆగగలిగాను.

కొన్న కారణమే చెడితే ధరతో నిమిత్తం లేకుండా అమ్మాలన్నది మరో నియమం. 2022 మేలో, ఎప్పుడూ ఒక డాలరు విలువే ఉండేలా రూపొందించిన టెర్రా యూఎస్‌టీ అనే కాయిన్ ఆ సమానత కోల్పోయాక, దానికి జోడీ కాయిన్ అయిన లూనా కొద్ది రోజుల్లోనే దాదాపు సున్నాకు చేరింది. అటువంటప్పుడు స్టాప్ తగిలేదాకా కాచుకోవడంలో అర్థం లేదు. అదే ఏడాది నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ దివాలాకు దరఖాస్తు చేయడంతో ఖాతాదారుల సొమ్ము అందులోనే చిక్కుకుంది. అందువల్ల అమ్మగా వచ్చిన డబ్బును ఎక్స్ఛేంజ్‌లో ఉంచకుండా, ముందు చిన్న మొత్తం బ్యాంకుకు పంపి, అది చేరాక మిగతాది పంపి, ఆ తర్వాతే నోట్‌బుక్‌లో ఆ ట్రేడ్ ముగిసినట్టు రాస్తున్నాను.