ఎడారి కొండకి సామాను సర్దిన రోజు

అక్టోబరు, గురువారం. అమలాపురం.

పొద్దుట్నించీ ముసురే. తీగ మీద బట్టలే ఆరడం లేదు, అయినా టెంటు మాత్రం హాల్లో ఫ్యాను కింద పరవక తప్పలేదు. పక్కింటి బాబాయిగారూ పిన్నిగారూ వచ్చే నెల డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. అక్కణ్నించి అందరూ కలిసి గ్వాడలూప్ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి. పశ్చిమ టెక్సాస్ ఎడారిలో లేచిన కొండలవి. అందులో గ్వాడలూప్ పీక్ 8,751 అడుగులు, ఆ రాష్ట్రం మొత్తానికీ అదే ఎత్తు. సామాను చూసిపెట్టమన్నారు, రోజంతా దానికే సరిపోయింది.

టెంటు విప్పగానే పుల్లటి వాసన. లోపలి పూత వేలికి అంటుకుంటోంది. మన గాలిలో తేమకి, వాన నీళ్లు దిగకుండా వేసే ఆ పాలీయురెథేన్ పూత విరిగిపోతుంది. ముందు జిగురవుతుంది, తర్వాత పొరలుగా రాలుతుంది. అంతదాకా వచ్చాక ఎంత ఆరబెట్టినా లాభం లేదు. కోనసీమలో టెంటు ఉంచుకునేవాళ్లు దాన్ని దాని సంచిలో కుక్కి అటక ఎక్కించకూడదు. బాగా ఆరాక పాత దుప్పటిలో వదులుగా చుట్టి గాలాడే చోట పెట్టాలి, ముసురు వెలిసిన ప్రతిసారీ ఒకసారి విప్పాలి. దీన్ని వదిలేసి అక్కడే ఇంకోటి కొనుక్కోమన్నాం.

కొనేది నిలువెత్తు టెంటు కాకూడదు, పొట్టిదై ఉండాలి. ఆ పార్కులో గాలి పేరుమోసింది, చలికాలంలోనూ వసంతంలోనూ మరీను. వీళ్లు టెంటు వేసే పైన్ స్ప్రింగ్స్ కాంపులో నేల గట్టి కంకర. టెంటుతో వచ్చే సన్నటి మేకులు వంగిపోతాయి, లావుపాటి ఉక్కు మేకులు విడిగా తీసుకోవాలి. తాళ్లన్నీ కట్టాలి, మేకు మీద రాయి పెట్టాలి. కొండెక్కడానికి పోయేటప్పుడు కడ్డీలు తీసి టెంటుని నేలకి పడుకోబెట్టి వెళ్లడమే మేలు. ఖాళీ టెంటుకి బరువుండదు, కడ్డీలు విరిగేదీ అప్పుడే.

ఇక అసలు సంగతి నీళ్లు. ధవళేశ్వరం నుంచి కాలవ కట్టేసిన రోజుల్లో తప్ప మనకి నీళ్లు కొలిచి వాడే అలవాటు లేదు. ఆ కొండలో వానపడినా నీరు నిలవదు. 26 కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో స్పాంజి జీవులూ నాచూ పేరుకుని కట్టిన సున్నపురాయి అది. చినుకు పడింది పడినట్టే పగుళ్లలోకి దిగిపోతుంది. అందుకే పీక్ దారి పొడుగునా చుక్క నీరు దొరకదు. కాంపులో తాగేనీళ్ల కుళాయి ఉంది, అక్కడే నింపుకుని బయల్దేరాలి. మనిషికి రోజుకి ఒక గాలన్, అంటే 3.8 లీటర్లు. బరువు కూడా అన్ని కిలోలే.

"అంత తాగగలమా బాబూ?" అన్నారు పిన్నిగారు.

తాగాలండీ. ఇక్కడ నాలుగడుగులు వేస్తే చొక్కా వీపుకి అంటుకుంటుంది, చెమట పోతోందని తెలుస్తుంది. అక్కడి పొడిగాలికి చెమట పట్టగానే ఆరిపోతుంది. చొక్కా పొడిగా ఉంటే ఒంట్లో నీళ్లు పోలేదనిపిస్తుంది, తలనొప్పి మొదలయ్యాక గానీ తెలియదు. దాహంతో పని లేకుండా గంటకి అర లీటరు చొప్పున గుక్కలు గుక్కలుగా తాగుతూ ఉండాలి. ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి కళ్లు తిరుగుతాయి, కాబట్టి జంతికలు గానీ ఉప్పు పల్లీలు గానీ చేతికందేలా పెట్టుకోవాలి. శిఖరం చేరకముందే సగం నీళ్లయిపోతే అక్కణ్నించే వెనక్కి తిరగాలి.

దారి రానూపోనూ 8.4 మైళ్లు, ఎక్కుడు 3,000 అడుగులు, ఆరు నుంచి ఎనిమిది గంటలు. మొదటి మైలున్నరే బాగా నిటారు, ఎండ కూడా అక్కడే. తర్వాత పైన్ చెట్ల నీడ వస్తుంది. మూడో మైలు దగ్గర శిఖరమొచ్చేసిందని అనిపిస్తుంది గానీ అది కాదు, ఇంకా మైలుంది. అక్కడ రాత్రి పడుకునే చోటు కూడా ఉంది. అనుమతి తీసుకుని ఉండొచ్చు, కానీ రెండు రోజుల నీళ్లు మనిషికి ఏడున్నర కిలోలు మోసుకెళ్లాలి. బాబాయిగారి మోకాళ్లకి అది వద్దన్నాం. కింద కాంపులో ఒక రాత్రి నిద్రచేసి ఎక్కితే చాలు. సముద్రమట్టం నుంచి వెళ్లేవాళ్లకి ఆ పలచటి గాలి అలవాటవ్వాలి కూడా.

సాధనకి ఏటిగట్టు మీద నడక పనికిరాదు, అంతా చదును. అంతస్తుకి పదడుగులనుకుంటే 3,000 అడుగులంటే మూడొందల అంతస్తులు. మేడ మెట్లు నాలుగు కిలోల సంచితో ఎక్కాలి, దిగాలి. దిగడమే ముఖ్యం, మోకాళ్లు పట్టేసేది దిగేటప్పుడే.

వంట గురించి పిన్నిగారితో చాలాసేపు నడిచింది. కట్టెల మంట, బొగ్గు రెండూ పార్కులో నిషేధం, గ్యాసు స్టవ్వు ఒక్కటే. గ్యాసు డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, అక్కడే కొనాలి. గాలికి అడ్డు పెట్టాలి గానీ డబ్బా చుట్టూ పూర్తిగా మూసేస్తే అది వేడెక్కి పేలొచ్చు. కాంపు 5,800 అడుగుల దరిదాపు కాబట్టి నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో ఓ పట్టాన ఉడకదు. బియ్యం కూడా అరగంట నానాలి. నా మాటైతే డల్లాస్‌లో చింతపండు పులుసూ నూనే దండిగా వేసి పులిహోర కలిపేసుకుని మొదటి రోజు కానిచ్చెయ్యాలి, మర్నాడు అటుకులు. కడుగునీళ్లూ గిన్నెలు తోమే నీళ్లూ మిగులుతాయి.

పార్కులో పెట్రోలు లేదు, కిరాణా లేదు. దారిలో వాన్ హార్న్ అనే ఊళ్లోనే ట్యాంకు నింపాలి, అది పార్కుకి 60 మైళ్ల పైనే దూరం. టెక్సాస్‌లో చాలా భాగం కన్నా పార్కులో టైము గంట వెనక. ఫోనులో టైము మాటిమాటికీ మారిపోతుంది, అలారానికి మామూలు గడియారం పెట్టుకోవాలి. నవంబరు మొదట్లో పార్కులోనే మెకిట్రిక్ కాన్యన్ అనే లోయలో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి, ఒక పూట దానికి వదలాలి. అక్కడ పారే చిన్న ఏట్లో కాళ్లు పెట్టనివ్వరు.

బాబాయిగారి బూట్ల అడుగున చేలో మట్టి. బ్రష్షుతో గీకి కడిగాం. పొలం మట్టితో అమెరికాలో దిగితే కస్టమ్స్ దగ్గర ఆపుతారు.

కాంపులో మరుగుదొడ్లున్నాయి, కొండదారిలో లేవు. చిన్న తాపీ ఒకటి సంచిలో పెట్టాం. దారికి దూరంగా ఆరంగుళాల గుంట తవ్వి పూడ్చాలి. టిష్యూ మాత్రం పూడ్చకూడదు, జిప్ సంచిలో కిందికి తేవాలి. మనకి నీళ్లు లేనిదే కుదరదు కాబట్టి దానికి మనిషికి ఇంకో అర లీటరు వేరే సీసాలో. సీసా మీద మార్కరుతో గుర్తు కూడా పెట్టాం, తాగే లెక్కలో కలిసిపోకుండా.